పచ్చి వాల్‌నట్స్ గురించి కూడా రాయండి

ఎడిటర్ గారూ నమస్తే, మీ వంటల పేజీలో వాల్‌నట్ అంటే ఎప్పుడూ ఎండు పప్పే, పచ్చికాయల్ని వెనిగర్‌లో ఊరబెట్టడం గురించి కూడా ఒకసారి వెయ్యండి. ఇంగ్లండ్‌లో ఇది పాత అలవాటే, జూన్ చివర్లో లోపల పెంకు గట్టిపడకముందే కాయలు కోసేస్తారు, సూది గుచ్చితే సాఫీగా దిగాలి, దిగలేదా ఆ కాయ పనికిరాదంతే. ఫోర్క్‌తో చుట్టూ పొడిచి ఉప్పునీళ్ళలో వారం పైనే నానబెట్టి మధ్యలో నీళ్ళు మార్చాలి, చేదు తగ్గేది అక్కడే, తర్వాత ఎండలో నల్లబడేదాకా ఆరబెట్టి, మసాలాలేసి కాచిన వెనిగర్ పోసి, మూతపెట్టి కొన్ని వారాలు ఆగాలి (ఓపిక లేనోళ్ళ పని కాదులెండి!). గ్లౌజులు తప్పనిసరి అని మాత్రం పెద్దక్షరాల్లో వెయ్యండి, ఆ రసం చేతికంటితే ఎంత సబ్బు రుద్దినా పోదు, రోజుల తరబడి మరక అలాగే ఉంటది.

ఇట్లు, మీ పాఠకురాలు