రేపటి ఎమర్సన్ బేస్‌బాల్ టోర్నమెంట్ గురించి

అందరికీ నమస్తే అండీ. రేపటి నుంచి జార్జియా ఎమర్సన్‌లోని లేక్‌పాయింట్ స్పోర్ట్స్ కాంప్లెక్స్‌లో మన పిల్లల బేస్‌బాల్ మ్యాచ్‌లు. మొదటిసారి వస్తున్నవాళ్ల కోసం నాలుగు ముక్కలు.

నెట్ వెనక రాడార్ గన్ (బంతి వేగం కొలిచేది) పట్టుకుని కూర్చునేవాళ్లలో కాలేజీ కోచ్‌లు చాలామందే ఉంటారు. మనవాడిని పలకరించలేదని బెంగపడకండి. అమెరికా కాలేజీ ఆటలను నడిపే ఎన్‌సీఏఏ నియమం ప్రకారం డివిజన్ 1 (పై స్థాయి) కాలేజీల కోచ్‌లు లెవెన్త్ గ్రేడ్‌కి ముందు వచ్చే ఆగస్టు 1 దాకా పిల్లలతో రిక్రూటింగ్ (కాలేజీ టీమ్‌లోకి తీసుకోవడం) ఊసు ఎత్తకూడదు. చూస్తారు, రాసుకుంటారు, వెళ్లిపోతారు. పోయినేడాది నేను ఆగలేక ఒకాయన్ని "మావాడు ఎలా ఆడాడు?" అని అడిగేశాను. ఆయన నవ్వి ఊరుకున్నారు. ఇంటికి వచ్చేదాకా మావాడు నాతో మాట్లాడలేదు!

పిచర్ల (బ్యాటర్‌కి బంతి విసిరేవాళ్ల) అమ్మానాన్నలు మాత్రం ఇది జాగ్రత్తగా చదవండి. 15, 16 ఏళ్లవాళ్లు రోజుకు 95 పిచ్‌లు (విసిరే బంతులు) దాటకూడదని, 76కి చేరితే 4 రోజులు విశ్రాంతి ఇవ్వాలని పిచ్ స్మార్ట్ అనే పిచర్ల భద్రతా మార్గదర్శకాలు చెబుతున్నాయి. లెక్క కోచ్‌కే వదిలేయకుండా మీరూ రాసుకోండి. వేరే టీమ్‌కి గెస్ట్‌గా వేసినవీ కలపాలి. స్కౌట్ (ఆటగాళ్లను వెతికేవాడు) వచ్చాడు కదా అని ఇంకో ఇన్నింగ్స్ వేయిస్తే దెబ్బతినేది పిల్లాడి మోచెయ్యే.

జూలై కాబట్టి ఉరుములు మామూలే. ఆఖరి ఉరుము తర్వాత అరగంట దాకా ఆట మొదలుపెట్టరు, కుర్చీలు కారులోనే ఉంచండి. టర్ఫ్ ఎండకు పెనంలా కాలుతుంది, నీళ్లు ఎక్కువ తెచ్చుకోండి.

పులిహోర నేను తెస్తున్నాను. పెరుగన్నం ఎవరు తెస్తారో రాత్రిలోగా చెప్పండి.