నడక జట్టులో చక్కెర పొట్లం ఉండాలి

సంపాదకులకు,

చెన్నై లజ్‌లో కాశీనాథుని వారి పేరిట ఉన్న నాగేశ్వరరావు పార్కులో జట్లుగా నడిచే తెలుగువారికి ఒక మనవి. బరువు రోజూ చూసి పోల్చుకోవద్దు. ఉప్పు, నీటి తేడాతోనే కిలో అటూ ఇటూ అవుతుంది. వారానికోసారి పరగడుపున చూస్తే చాలు, అరకిలో తగ్గినా మంచిదే.

తోటివారు అన్నం తగ్గించారని మెచ్చుకునే ముందు వాడుతున్న మందులేమిటో అడగండి. మధుమేహానికి ఇన్సులిన్, గ్లిమెపిరైడ్ వంటివి వాడేవారు డాక్టరుకు చెప్పకుండా తిండి తగ్గిస్తే నడకలోనే రక్తంలో చక్కెర పడిపోవచ్చు. చెమట, వణుకు, తికమక కనిపిస్తే కూర్చోబెట్టి, మూడు నాలుగు టీ చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగించండి. 15 నిమిషాల్లో తేరుకోకపోతే మళ్లీ ఇవ్వండి. స్పృహ తప్పితే మాత్రం నోట్లో ఏమీ పోయకండి, 108కి ఫోన్ చేయండి.

– ఒక పాఠకురాలు, మైలాపూరు, చెన్నై