తీరం సంపాదన ఏ పద్దులో?

సంపాదక మహాశయా,

మూలపేట పోర్టు వస్తే శ్రీకాకుళం దశ తిరుగుతుందని అందరూ అంటున్నారు. తిరగనివ్వండి. ఇప్పటికే ఈ సముద్రం జిల్లాకు ఎంత సంపాదించి పెడుతోందో చెప్పగలవారెవరు? స్థూల ఉత్పత్తి (జిల్లా లోపల ఏడాదిలో తయారైన సరుకులు, సేవల మొత్తం విలువ) లెక్కల్లో చేపలు, రొయ్యలు వ్యవసాయంతో పాటు ప్రాథమిక రంగంలో కలుస్తాయి. అదే రొయ్యను శుద్ధి చేస్తే పరిశ్రమల పద్దు, లారీకెక్కిస్తే రవాణా పద్దు. నౌపడ ఉప్పు మరోచోట. ఐసు ఫ్యాక్టరీలు, పడవలు బాగుచేసేవారు, గంప నెత్తిన పెట్టుకుని ఊరూరా చేపలమ్మే ఆడవాళ్లు సరేసరి.

వలసల సంగతి ఇంకా చిక్కు. మన మత్స్యకారులు వేరావల్ వెళ్లి పట్టిన చేప గుజరాత్ ఉత్పత్తిలో చేరుతుంది. అలా అక్కడి నుంచి వేటకెళ్లి, 2018లో పాకిస్తాన్‌కు చిక్కి 2020 దాకా జైల్లో మగ్గినవారు మాత్రం ఉత్తరాంధ్రవారే. వలస వెళ్లినవారు ఇంటికి పంపే డబ్బు జిల్లా ఉత్పత్తి కిందికి రాదు (సూత్రం ప్రకారం అది సరైనదే). అందుకే ఉత్పత్తి పక్కనే కుటుంబాల ఆదాయాన్నీ చూపాలి.

అమెరికా తన జాతీయ లెక్కలకు అనుబంధంగా సముద్రంపై ఆధారపడిన పనులన్నిటినీ ఒకేచోట చూపే విడి ఖాతా ప్రచురించింది. మన తీర మండలాలకూ, పోర్టుకు ఓడల రాకపోకలు మొదలయ్యేలోపే, అలాంటిదొకటి తెరవాలి. లేకపోతే ఆ తర్వాతి లాభనష్టాలను దేనితో పోల్చి చూస్తారు?

– ఒక పాఠకుడు, టెక్కలి