ధర్మనిధి ఉపన్యాసాలకు ఊరినీ పిలవండి: ఉపకులపతి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఉపకులపతి గారికి నమస్కారాలు.

మన విశ్వవిద్యాలయంలో ఏటా ధర్మనిధి ఉపన్యాసాలు, అంటే దాతలు ఇచ్చిన నిధితో ఏర్పాటుచేసే ఉపన్యాసాలు, జరుగుతున్నాయి. పేరున్న పండితులు వస్తున్నారు. ఆ సంగతి ఊరికి తెలిసేది మాత్రం మర్నాడు పత్రికలో ఫొటో చూశాకే. ముందే తెలిసినా, పనిరోజు ఉదయం పదకొండు గంటలకు దుకాణాల్లో, కార్యాలయాల్లో పనిచేసేవాళ్లు ఎలా రాగలరు? వచ్చిన కొద్దిమందినీ గుర్తింపు కార్డు లేదని గేటు దగ్గరే ఆపేస్తున్నారు.

1812లో లండన్‌లో పుస్తకాలు బైండింగు చేసే ఒక కుర్రవాడు, దుకాణానికి వచ్చే ఒకాయన ఇచ్చిన టికెట్లతో రాయల్ ఇన్‌స్టిట్యూషన్ అనే విజ్ఞాన సంస్థలో రసాయన శాస్త్రవేత్త హంఫ్రీ డేవీ ఉపన్యాసాలు విన్నాడు. విన్నదంతా రాసుకుని, బైండు చేసి డేవీకే పంపాడు. మరుసటి ఏడాది అక్కడే ప్రయోగశాల సహాయకుడయ్యాడు. ఆయనే తర్వాత విద్యుత్తు మీద గొప్ప పరిశోధనలు చేసిన మైకేల్ ఫారడే. అలాంటి కుర్రవాళ్లు మన ఊళ్లో లేరని ఎవరనగలరు?

దయచేసి ఉపన్యాసాలను సాయంత్రం ఆరు గంటలకు పెట్టించండి. పది రోజుల ముందే బస్టాండులో, గ్రంథాలయంలో ప్రకటన అంటించండి. వక్త ఇంగ్లీషులో మాట్లాడితే, తెలుగులో ఒక పేజీ సారాంశం పంచండి.

అన్నిటికన్నా నన్ను బాధపెట్టేది ప్రశ్నల సంగతి. జ్యోతి ప్రజ్వలన, అతిథుల పరిచయాలు, శాలువాలు అయ్యేసరికే గంట గడిచిపోతుంది. చివర్లో చేయెత్తిన విద్యార్థిని సమయం లేదని కూర్చోబెడుతున్నారు. అంత దూరం నుంచి వచ్చిన పండితుడికి కూడా ఇది అన్యాయమే. సన్మానాన్ని ఐదు నిమిషాల్లో ముగించి, అరగంట ప్రశ్నలకే ఉంచండి.

వచ్చే ఉపన్యాసానికైనా ఎవరినీ ఆపవద్దని గేటు సిబ్బందికి రాతపూర్వకంగా ఆదేశాలివ్వండి.

భవదీయుడు,
ఈ ఊరి పౌరుడు