రాతి కొండల మీద గుంతలు తవ్వకండి

సంపాదకులు గారికి,

వానలు పడ్డాయంటే బెంగళూరులో మొక్కలు నాటే సందడి మొదలవుతుంది. నంది కొండల దగ్గర ఒక రాతిగుట్టను "పచ్చగా మార్చుదాం రండి" అని మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపుకూ పిలుపు వచ్చింది. టీషర్టు, టిఫిను వాళ్లే ఇస్తారట. ఉద్దేశం మంచిదే, ఎంచుకున్న చోటే తప్పు.

నంది, స్కందగిరి, శివగంగ, సావనదుర్గ లాంటి కొండల మీద చాలాచోట్ల మట్టి బెత్తెడు కూడా ఉండదు. వానాకాలంలో బండ పల్లాల్లో నిలిచే కాసిని నీళ్లలోనే, పురుగులను పట్టి తినే డ్రోసెరా, యుట్రిక్యులేరియా మొలిచి, పూచి, గింజ రాల్చి, ఎండలు ముదిరేలోపు మాయమవుతాయి. బండను పట్టుకుని బతికే కొన్ని ఫెర్న్‌లు, గడ్డిజాతులు వేసవంతా ముడుచుకుని, తొలివానకే మళ్లీ పచ్చబడతాయి. ఏప్రిల్‌లో కొండెక్కి సెల్ఫీ దిగి వచ్చేవారికి అక్కడ ఏమీ లేదనే అనిపిస్తుంది. సర్కారు లెక్కా అంతే: కేంద్రం తయారుచేసిన బంజరు భూముల అట్లాసులో ఇలాంటి రాతినేలకు ఏకంగా ఒక పద్దే ఉంది.

మైదానం మధ్య ఈ కొండలు ఒక్కొక్కటీ ఒక దీవి. ఒకచోట పోయిన మొక్క పక్క కొండ నుంచి వచ్చి మొలవడం కష్టం. అలా ఒకేచోటికి పరిమితమైన మన శేషాచలం పేరిత (సైకస్ జాతి చెట్టు) ఆ కొండల్లో, ఆ చుట్టుపక్కల తప్ప ప్రపంచంలో మరే అడవిలోనూ పెరగదు. అడవి మొక్కలు, జంతువుల అంతర్జాతీయ వ్యాపారాన్ని కట్టడి చేసే సైట్స్ ఒప్పందంలో ఎర్రచందనానిది రెండో జాబితా, పేరితది అంతకన్నా కఠినమైన మొదటి జాబితా. ఎర్రచందనం దొంగల వార్తలు నిత్యం చదివే మనలో పేరిత పేరు విన్నవాళ్లెందరు?

బెంగళూరు బజారులో ఊరగాయకు అమ్మే మాగళి బేరు, మన సీమవాళ్లు నన్నారి షర్బత్‌కు వాడే మారేడు కొమ్ములు ఒకే తీగ వేళ్లు. దక్షిణాది కొండల్లో పెరిగే ఆ తీగను వేళ్ల కోసం సమూలంగా పెకలిస్తున్నారు. ఆ ఊరగాయంటే నాకూ ప్రాణమే, అందుకే ఇంత బాధ.

ఇలాంటి చోట గుంత తవ్వి చెట్టు నాటితే ఉన్న పలుచటి మట్టి చెదురుతుంది. చెట్టు బతికితే దాని నీడలో ఎండను కోరే చిన్న మొక్కలు చస్తాయి. పచ్చదనం పేరుతో వేసిన నీలగిరి (యూకలిప్టస్) తోపులు నేలలోని నీటిని ఎలా పీల్చేశాయో చిక్కబళ్లాపురం, కోలారు రైతులను అడగండి. 2017లో కర్ణాటక ప్రభుత్వమే కొత్తగా నీలగిరి నాటడాన్ని నిషేధించింది. పెన్నా పుట్టేదీ ఈ నంది కొండల్లోనే కనుక నెల్లూరు వాళ్లకూ ఇది పట్టాల్సిన విషయమే.

దేవనహళ్లి దగ్గరి నల్లూరు చింతతోపును 2007లో దేశంలోనే తొలి జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించింది ఈ రాష్ట్రమే. 2002 నాటి జీవవైవిధ్య చట్టం కింద ఈ రాతికొండలకూ ఆ రక్షణ ఇవ్వవచ్చు. ఈలోగా, వానాకాలంలో ఒక్కో కొండ మీద ఏమేం మొలుస్తున్నాయో నమోదు చేయించే వరకు వాటిపై మొక్కలు నాటేందుకు ఏ సంస్థకూ అటవీశాఖ అనుమతి ఇవ్వకూడదు. నాటాలన్న ఉత్సాహం ఉన్నవారికి రోడ్ల వెడల్పు కోసం, మెట్రో కోసం చెట్లు కొట్టేసిన వీధులు నగరంలోనే ఉన్నాయి.

— ఒక పాఠకుడు, మారతహళ్లి, బెంగళూరు