మా బిల్లులకి ఒక తేదీ చెప్పండి: ఎంఎస్‌ఎంఈ మంత్రి గారికి ఆటోనగర్ నుంచి బహిరంగ లేఖ

గౌరవనీయులైన రాష్ట్ర సూక్ష్మ, చిన్న, మధ్యతరహా పరిశ్రమల శాఖ మంత్రి గారికి,

నమస్కారం.

విజయవాడ జవహర్ ఆటోనగర్‌లో మాది చిన్న లేత్ వర్క్‌షాపు. లారీలకీ టిప్పర్లకీ కావాల్సిన బుష్‌లు (పిన్ను తిరిగే గొట్టం లాంటి ముక్కలు), పిన్నులు చేస్తాం. "ఒక కుటుంబం, ఒక పారిశ్రామికవేత్త" అని ప్రభుత్వం పెట్టుకున్న లక్ష్యం గురించి మీతో మాట్లాడాలని ఈ ఉత్తరం రాస్తున్నాను. లక్ష్యం మంచిది. మన పిల్లలు ఉద్యోగం కోసం బెంగళూరు, హైదరాబాద్ వెళ్లిపోకుండా ఇక్కడే పదిమందికి పని చూపిస్తే అంతకంటే కావాల్సిందేముంది? కానీ ఆ కుటుంబంలో ఆ ఒక్కరూ పారిశ్రామికవేత్త అయ్యాక వాళ్ల రోజులు ఎలా గడుస్తాయో ఏ సభలోనూ వినపడటం లేదు. అది మీ దాకా రావాలి.

మా వైపు పాలిటెక్నిక్ కుర్రాళ్లు ట్రైనింగ్‌కి వస్తుంటారు. సొంతంగా ఏదైనా పెట్టాలని వాళ్లలో చాలామందికి ఉంది. ఎందుకని అడిగితే, "ఎవరి కిందా పనిచేయక్కర్లేదు కదండీ" అంటారు. వాళ్లకి ఈ మాట ఎవరు చెప్పారో గానీ అందులో నిజం లేదు. యూనిట్ పెట్టినవాడు కస్టమర్ మాట వినాలి, బ్యాంకు మాట వినాలి, శనివారం సాయంత్రం కూలి కోసం ఎదురుచూసే మనిషికి జవాబు చెప్పాలి. నా అనుభవంలో పారిశ్రామికవేత్త అంటే, తనకి రావాల్సింది ఎప్పుడొస్తుందో తెలియకపోయినా తను ఇవ్వాల్సింది చెప్పిన రోజుకి ఇచ్చే మనిషి. ఐడియా, మెషీను, బ్రాండు అన్నీ దాని తర్వాతే.

మా పని ఎలా ఉంటుందో కాస్త చెప్పనివ్వండి. క్వారీల్లో తిరిగే టిప్పర్‌కి వెనక కమాన్ల దగ్గర బుష్ అరిగిపోతే బండి పక్కకి లాగుతుంది, టైర్లు తినేస్తుంది. ఓనరు రాత్రికల్లా బుష్ కావాలంటాడు. బండి ఆగినా దాని ఈఎంఐ ఆగదు కదా. గన్‌మెటల్ (ఒక రకం కంచు) ముక్కని లేత్ మీద తిరిగే పట్టుకి బిగించి, బయట చెక్కుతాం, లోపల రంధ్రం తొలుస్తాం. చివర్లో మా మేస్త్రి మెషీను ఆపి, మైక్రోమీటర్ పెట్టి చూసి, ఇంకో రెండు థౌలు తియ్యాలంటాడు. థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు. అంతకంటే ఒక్కటి ఎక్కువ పోయినా బుష్ లూజైపోతుంది, ఖరీదైన గన్‌మెటల్ తుక్కులో కలుస్తుంది. ఆ తేడా చేతికి తెలిసిన మనిషి ఉన్నాడు కాబట్టే మా షాపు నడుస్తోంది. ఆయన పక్క షెడ్డుకి వెళ్లిపోతే నా లేత్‌లు ఉండీ లేనట్టే. ఆయన ఉండాలంటే శనివారం కూలి బట్వాడా తప్పకూడదు.

ఆ బట్వాడా వెనకాల ఏం జరుగుతుందో బయటివాళ్లకి తెలియదు. గురువారం నుంచి రావాల్సిన వాళ్లందరికీ ఫోన్లు చేస్తాను. "సోమవారం చూద్దాం", "సార్ ఊళ్లో లేరు", "బిల్లు సంతకానికి పైకి వెళ్లింది" అంటారు. శుక్రవారం సాయంత్రానికి టెన్షన్ మొదలవుతుంది. ఎవరి దగ్గరో చేబదులు తేవాలి, లేదంటే నూటికి రెండు రూపాయల వడ్డీకి తేవాలి, అదీ కుదరకపోతే చిట్టీ ఎంతకో అంతకి పాడేయాలి. ఆటోనగర్‌లో చిన్న షెడ్డున్న ఎవరినైనా అడగండి, ఈ మూడూ తెలియని మనిషి దొరకడు. నూటికి రెండంటే ఏడాదికి 24 శాతం. మా పనిలో మిగిలేదాంట్లోంచి అంత వడ్డీ కట్టి నిలదొక్కుకోవడం చాలా కష్టం. పని లేక మూతపడ్డ షెడ్ల కంటే, చేతినిండా ఆర్డర్లుండి డబ్బు రొటేషన్ కాక మూతపడ్డవే నేను ఎక్కువ చూశాను.

దీనికి తోడు జీఎస్‌టీ. లక్ష రూపాయల సరుకు ఇచ్చి 18 శాతం వేసి బిల్లు రాశాననుకోండి. ఆ 18,000 రూపాయలు మరుసటి నెలలోనే ప్రభుత్వానికి కట్టాలి. కొన్నవాళ్లు నాకు రూపాయి ఇచ్చారా లేదా అన్నదానితో సంబంధం లేదు. నేను కట్టిన ఆ పన్ను మీద వాళ్లు ఇన్‌పుట్ క్రెడిట్ మాత్రం వెంటనే తీసేసుకోవచ్చు, అంటే తాము కట్టాల్సిన పన్నులోంచి దాన్ని తగ్గించుకోవచ్చు. 180 రోజుల్లోగా నాకు చెల్లించకపోతేనే ఆ క్రెడిట్ వెనక్కి ఇవ్వాలి. అంటే ఆరు నెలల పాటు నా కంటే ఎన్నో రెట్లు పెద్ద కంపెనీకి నేను పెట్టుబడి పెడుతున్నాను, అదీ వడ్డీకి తెచ్చి. కేంద్రం చేతిలో ఉన్న విషయాన్ని మీకెందుకు రాస్తున్నానంటే, జీఎస్‌టీ కౌన్సిల్‌లో మన రాష్ట్రానికీ కుర్చీ ఉంది. ఈ మాట అక్కడ వినిపించేలా ఆర్థిక మంత్రి గారితో చెప్పగలిగింది మీరే.

మమ్మల్ని కాపాడటానికి చట్టం లేకపోలేదు. 2006 నాటి ఎంఎస్‌ఎంఈ అభివృద్ధి చట్టం ప్రకారం మా దగ్గర సరుకు తీసుకున్నవాళ్లు రాతపూర్వక ఒప్పందం ఉంటే 45 రోజుల్లోపు, లేకపోతే 15 రోజుల్లోపు డబ్బు కట్టాలి. గడువు దాటితే రిజర్వు బ్యాంకు ప్రకటించిన బ్యాంకు రేటుకి మూడు రెట్లు, నెలనెలా చక్రవడ్డీ లెక్కన ఇవ్వాలి. ఇలాంటి బాకీల తగాదాలు తేల్చే ఫెసిలిటేషన్ కౌన్సిల్ ముందుకి వచ్చిన ఫిర్యాదుని 90 రోజుల్లో తేల్చాలని కూడా చట్టంలోనే ఉంది. ఆన్‌లైన్‌లో ఫిర్యాదు పెట్టుకోవడానికి 2017లో సమాధాన్ పోర్టల్ తెచ్చారు. 2024 ఏప్రిల్ నుంచి ఆదాయపు పన్నులో ఇంకో నిబంధన అమల్లోకి వచ్చింది, సూక్ష్మ, చిన్న యూనిట్లకి గడువులోపు చెల్లించని మొత్తాన్ని కొన్నవాళ్లు ఆ ఏడాది ఖర్చుగా చూపించుకోకూడదని. అది వచ్చాక కొంతమంది త్వరగా ఇచ్చారు, నిజమే. ఇంకొంతమంది మాత్రం మాలాంటి వాళ్లని పిలిచి, చిన్న యూనిట్‌గా గుర్తింపునిచ్చే ఉద్యం రిజిస్ట్రేషన్ రద్దు చేసుకోమన్నారు, లేకపోతే ఆర్డర్ వేరేవాళ్లకి ఇస్తామన్నారు.

అసలు ఇబ్బంది అక్కడే ఉంది. ఈ చట్టం పనిచేయాలంటే ఎవరో ఒకరు ఫిర్యాదు చేయాలి. ఫిర్యాదు చేస్తే ఆ బాకీ వస్తుందేమో గానీ ఆ కస్టమర్ పోతాడు. అతనొక్కడే కాదు, అతనికి తెలిసిన నలుగురూ పోతారు. ఐదారుగురు పనివాళ్లున్న షెడ్డు యజమాని ఆ సాహసం చేయలేడు. చక్రవడ్డీ సంగతి దేవుడెరుగు, అసలు ఇచ్చినవాళ్లకే దణ్ణం పెట్టి బయటికొస్తాడు.

నాకు ఒక ప్రభుత్వ సంస్థ నుంచి రావాల్సిన డబ్బు ఉంది. ఎవరినీ ఇరికించడం నా ఉద్దేశం కాదు కాబట్టి పేరు రాయను. సరుకు తీసుకున్నారు, బాగుందన్నారు. బిల్లు మాత్రం మొదట ఒక సంతకం కోసం ఆగింది, తర్వాత బడ్జెట్ విడుదల కోసం ఆగింది, ఈలోపు ఆఫీసరు మారి కొత్తాయన ఫైలు మొదటి నుంచి చూస్తానన్నారు. అక్కడి గుమాస్తా మర్యాదస్తుడు, ప్రతిసారీ కుర్చీ వేసి కూర్చోబెడతాడు. "మా చేతుల్లో ఏం లేదండీ" అంటాడు. అతను చెప్పేది నిజమే. మరి ఎవరి చేతుల్లో ఉందో చెప్పేవాళ్లు ఆ ఆఫీసులో లేరు. తేదీ తెలిస్తే నేను దాన్నిబట్టి సర్దుకుంటాను. మూడు నెలలంటే మూడు నెలలకే అప్పు తెస్తాను. ఏ తేదీ లేకుండా "వస్తుంది లెండి" అనే మాట మీద జీతాలు ఎలా ఇవ్వగలను?

ఇది ఇనుప పనివాళ్ల బాధ మాత్రమే కాదు. గుంటూరు వైపు డ్వాక్రా ఆడవాళ్లు కారం పట్టించి ప్యాకెట్లు కట్టి అమ్ముతున్నారు. సీజన్‌లో యార్డుకి మంచి కాయ వచ్చినప్పుడే కొనిపెట్టుకోవాలి, కాబట్టి ఏడాది పెట్టుబడంతా రెండు మూడు నెలల్లోనే పెట్టాలి. షాపులవాళ్లు సరుకు తీసుకుని అమ్ముడయ్యాక ఇస్తామంటారు, మిగిలింది తిప్పి పంపిస్తారు. సంఘం అప్పు వాయిదా మాత్రం ప్రతి నెలా ఠంచనుగా కడతారు వాళ్లు. ఎంత కష్టంలో ఉన్నా మాట తప్పని ఆ ఆడవాళ్లని పారిశ్రామికవేత్తలని ఎవరూ పిలవరు. నా దృష్టిలో మన రెండు జిల్లాల్లో వాళ్లని మించినవాళ్లు లేరు.

కాశీనాథుని నాగేశ్వరరావు గారి పేరు మన సభల్లో తరచూ వినపడుతుంది. కృష్ణా జిల్లా ఎలకుర్రులో పుట్టి, 1893లో బొంబాయిలో అమృతాంజనం మొదలుపెట్టి, ఆ సంపాదనతో ఆంధ్రపత్రిక నడిపిన మహానుభావుడు. పిల్లలకి ఆయన గురించి చెప్పాల్సిందే. గెలవలేకపోయినవాళ్ల గురించి కూడా ప్రభుత్వం కొంచెం ఆలోచించాలని నా మనవి. మాలో చాలామందివి ప్రొప్రైటరీ యూనిట్లు, ఒక్క మనిషి సొంత పేరు మీద నడిచేవి. అంటే యూనిట్ అప్పు, ఇంటి అప్పు అనే తేడా ఉండదు. తాకట్టు లేని అప్పులకి గ్యారంటీ ఇచ్చే కేంద్ర పథకం 2000 నుంచీ ఉన్నా, బ్యాంకుకి వెళితే ఇంటి కాగితాలు అడుగుతూనే ఉన్నారు. వ్యాపారం దెబ్బతింటే ఇల్లు కూడా పోతుంది. కంపెనీలకైతే 2016లో వచ్చిన దివాలా కోడ్ ఉంది. 2021లో ఎంఎస్‌ఎంఈల కోసం తెచ్చిన ప్రీప్యాకేజ్డ్ పద్ధతి (అప్పులిచ్చినవాళ్లతో ముందే ఒప్పందానికి రావడం) కూడా కంపెనీలకి, ఎల్‌ఎల్‌పీలకే (పరిమిత బాధ్యత ఉన్న భాగస్వామ్య సంస్థలకే). సొంత పేరు మీద షెడ్డు నడిపేవాడికి మిగిలింది బ్రిటిష్ వాళ్ల కాలం నాటి 1920 చట్టం. దాని కింద ఐపీ పెట్టినవాడింటికి, అంటే దివాలా తీశానని కోర్టుకెక్కినవాడింటికి, మా వైపు పిల్లనివ్వరు. నిజాయితీగా నడిపి, పెద్ద కస్టమర్ ఎగ్గొట్టినందువల్ల దెబ్బతిన్న మనిషికీ, కావాలని జనాన్ని ముంచినవాడికీ ఒకటే ముద్ర. మొదటివాణ్ణి వేరుగా చూసి, బ్యాంకులతో కూర్చోబెట్టి సెటిల్‌మెంట్ చేయించి, మళ్లీ ఒక పథకం కింద నిలబెట్టే ఏర్పాటు జిల్లా పరిశ్రమల కేంద్రాల్లో పెట్టించండి. ఒకసారి దెబ్బతిన్నవాడికి తెలిసినన్ని జాగ్రత్తలు కొత్తగా మొదలుపెట్టేవాడికి తెలియవు.

175 నియోజకవర్గాల్లోనూ ఎంఎస్‌ఎంఈ పార్కులు పెడుతున్నారు. 2025 ఆగస్టులో మంగళగిరిలో రతన్ టాటా ఇన్నోవేషన్ హబ్ మొదలైంది. ఇవన్నీ సంతోషించాల్సినవే. అయితే పార్కులో ప్లాటు తీసుకున్న పిల్లవాడు రెండో ఏడాది నా దగ్గరికొచ్చి "అంకుల్, వడ్డీకి ఎవరిస్తారు?" అని అడిగే పరిస్థితి రాకూడదు. ఎన్ని యూనిట్లు మొదలయ్యాయో మీ శాఖ లెక్క చెబుతుంది. మూడేళ్ల తర్వాత వాటిలో ఎన్ని నడుస్తున్నాయో, ఆగినవి ఎందుకు ఆగాయో కూడా లెక్క తీయించండి.

అన్నిటికంటే ముందు చేయాల్సింది ప్రభుత్వం తన బిల్లులు సరిచేసుకోవడం. ఫిర్యాదు చేసే ధైర్యం లేని మాలాంటివాళ్లకి ఉపయోగపడేది అదొక్కటే. బిల్లుల మీద ముందుగా డబ్బు ఇప్పించే ట్రెడ్స్ వేదికల్లో 250 కోట్ల టర్నోవర్ దాటిన కంపెనీలు, కేంద్ర ప్రభుత్వ రంగ సంస్థలు చేరాలని 2024లో కేంద్రం ఆదేశం ఇచ్చింది. మన రాష్ట్ర కార్పొరేషన్లనీ, మున్సిపాలిటీలనీ కూడా మీరే చొరవ తీసుకుని అందులో చేర్పించండి. చేరి ఊరుకుంటే లాభం లేదు. మేం పెట్టిన బిల్లుని వాళ్లు అక్కడ ఒప్పుకోవాలి, అప్పుడే మాకు బ్యాంకు డబ్బిస్తుంది. ఈలోపు మీ శాఖ కింద ఉన్న సంస్థలతో మొదలుపెట్టి, ఏ బిల్లు ఏ రోజు అందింది, ఏ రోజు డబ్బు పడింది అన్న రెండు తేదీలు నెలనెలా ఆన్‌లైన్‌లో అందరికీ కనపడేలా పెట్టించండి. దీనికి కొత్త చట్టం చేయనక్కర్లేదు, మీ శాఖ నుంచి ఒక ఉత్తర్వు సరిపోతుంది. వచ్చే ఆర్థిక సంవత్సరం మొదటి నెల నుంచి అది మొదలవుతుందని మీరు ఒక్క మాట చెబితే, ఆటోనగర్‌లో షెడ్డు షెడ్డుకీ వెళ్లి నేనే చెప్పుకుంటాను.

ఇట్లు,
ఒక చిన్న లేత్ వర్క్‌షాపు యజమాని,
జవహర్ ఆటోనగర్, విజయవాడ.