ఓటీపీ అడిగే ముందు మా రాజీనామా తేదీ చూడండి

గౌరవనీయులైన కేంద్ర ఎలక్ట్రానిక్స్, సమాచార సాంకేతిక శాఖ మంత్రి గారికి నమస్కరించి వ్రాయునది.

నేను హైదరాబాదులో పన్నెండేళ్లుగా సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ పని చేస్తున్నాను. కొత్త కంపెనీ ఆఫర్ లెటర్ చేతికొచ్చాకే పాత ఉద్యోగానికి రాజీనామా చేశాను. మూడు నెలల నోటీసు పీరియడ్‌లో ఇంకా పది రోజులుందనగా, బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్ చేసే సంస్థ నుంచి ఒక లింకు వచ్చింది. డిగ్రీ పట్టా, రిలీవింగ్ లెటర్లు అడిగారు. అవి అడగడం న్యాయమే, ఇచ్చాను. తర్వాతి పేజీలో పాన్ నంబరు, క్రెడిట్ రిపోర్టు (మన అప్పుల చరిత్ర, దాన్నిబట్టి ఇచ్చే స్కోరు ఉండే పత్రం) తెరవడానికి ఓటీపీ, దాని కింద ‘నేను అంగీకరిస్తున్నాను’ అన్న ఒకే ఒక్క గడి ఉన్నాయి. ఒప్పుకోనివారి కోసం అక్కడ ఏ గడీ లేదు. ఓటీపీ కొట్టాను.

ఆ రిపోర్టులో ఉండేది స్కోరు ఒక్కటే కాదు. మా అమ్మ ఆపరేషన్‌కు బంగారం తాకట్టు పెట్టి తెచ్చిన అప్పు, ఏ నెల వాయిదా ఎన్ని రోజులు ఆలస్యమైందో ఆ లెక్క, మారిన ఇళ్ల చిరునామాలు, అన్నీ అందులో ఉన్నాయి. ఎప్పుడో మూసేయమని బ్యాంకుకు రాసిచ్చిన క్రెడిట్ కార్డు మీద వార్షిక రుసుము 500, జీఎస్టీతో కలిపి 590 రూపాయలు బాకీగా నిలిచి ఉంది. దాన్ని సరిచేయించుకునేలోపే ఆఫర్ వెనక్కి తీసుకుంటున్నట్టు మెయిల్ వచ్చింది. ఏ కారణంతోనో అందులో రాయలేదు. క్రెడిట్ సమాచారంలో తప్పులు దిద్దడానికి రిజర్వు బ్యాంకు 30 రోజుల గడువు పెట్టింది, అది దాటితే రోజుకు 100 రూపాయల పరిహారం కూడా ఇప్పిస్తుంది. కానీ ఉద్యోగమిచ్చేవాళ్లు ఆ 30 రోజులు ఆగాలన్న నియమం ఎక్కడా లేదు.

2005 నాటి క్రెడిట్ సమాచార సంస్థల చట్టం ప్రకారం ఈ రిపోర్టులు తెప్పించుకునే వీలు బ్యాంకులు, బీమా కంపెనీల వంటి నిర్ణీత సంస్థలకే ఉంది. మామూలు కంపెనీకి ఆ దారి లేదు కనుకనే మా చేత మా రిపోర్టునే తెరిపిస్తున్నారు. వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కని సుప్రీంకోర్టు 2017 ఆగస్టు 24న తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనంతో చెప్పింది. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం, సమ్మతి స్వేచ్ఛగా, షరతులు లేకుండా ఇచ్చినదై ఉండాలంటుంది. అదే చట్టంలోని 7వ సెక్షను మాత్రం ఉద్యోగ అవసరాలకూ, యాజమాన్యాన్ని నష్టం నుంచి కాపాడుకోవడానికీ సమ్మతి లేకుండానే డేటా వాడుకోవచ్చంటుంది. ‘ఉద్యోగ అవసరాలు’ అన్న ఆ రెండు మాటల్లో టెస్టింగ్ చేసేవాడి ఇంటి అప్పులు కూడా ఇమిడిపోతాయా అన్నదే నా ప్రశ్న. పాత కుర్చీ వదిలేసి, కొత్త కుర్చీ ఇంకా దక్కని మనిషి పెట్టే టిక్కును స్వేచ్ఛగా ఇచ్చిన సమ్మతి అని నేను అనలేను.

నగదు, ఖాతాలు చూసే ఉద్యోగాలకు ఈ తనిఖీ అవసరమంటే ఒప్పుకుంటాను. అలాంటి ఉద్యోగాలేవో నిబంధనల్లో పేర్కొని, మిగతావాటికి క్రెడిట్ రిపోర్టు అడగడాన్ని నిషేధించండి. అడగదగిన చోట కూడా ఆ సంగతి ప్రకటనలోనే చెప్పి, ఆఫర్‌కు ముందే తనిఖీ ముగించాలి. రిపోర్టు చూసి కాదనదలిస్తే కారణం రాసిచ్చి, తప్పు దిద్దించుకునే 30 రోజులూ ఆ ఉద్యోగాన్ని ఖాళీగా ఉంచాలి. ఆ 2023 నాటి డేటా రక్షణ చట్టానికి 2025 నవంబరులో నిబంధనలు ప్రకటిస్తూ ముఖ్యమైన సెక్షన్ల అమలుకు 18 నెలల గడువు పెట్టారు. ఆ గడువు తీరేలోగానే ఈ స్పష్టత ఇవ్వవలసిందిగా ప్రార్థిస్తున్నాను.

ఇట్లు,
ఒక ఉద్యోగి, హైదరాబాదు